జర్మన్ ఓడల కంపెనీల జెండాలు

వాణిజ్య నౌక మీద ఎగిరే జెండాల్లో దేశానిది ఒకటైతే, యజమానిది మరొకటి. దేశం జెండా ఓడ వెనక కొసన ఎగురుతుంది. ఆ ఓడ ఏ రాజ్యపు చట్టానికి లోబడి ఉందో చెబుతుంది. యజమాని జెండా పైన కొయ్య మీద ఎగురుతుంది. ఆ ఓడ వెనక ఎవరి పెట్టుబడి, ఎవరి పేరు ఉన్నాయో చెబుతుంది. ఈ రెండో జెండాను జర్మన్ భాషలో 'హౌస్‌ఫ్లాగె' అంటారు. మాటకు మాట 'ఇంటి జెండా'. ఇక్కడ ఇల్లంటే కాపురముండే ఇల్లు కాదు, వర్తకపు కోఠీ. ఓడల కంపెనీకి జర్మన్ పేరు 'రేడెరై' గనుక 'రేడెరై ఫ్లాగె' అనే వాడుకా ఉంది.

జర్మనీలో ఈ జెండాల చరిత్రకు ఒక ప్రత్యేకత ఉంది. 1847 నుంచి 1951 దాకా, నూరేళ్లకు కాస్త పైచిలుకు కాలంలో, ఒకే కంపెనీ ఓడల వెనక కొసన ఆరు రకాల జెండాలు ఎగిరాయి. రాజ్యాలు పోయాయి, కొత్తవి వచ్చాయి, ఓడలు జప్తయ్యాయి, మళ్లీ కట్టారు. కొయ్య మీది కంపెనీ జెండా మాత్రం దాదాపు అదే గుర్తుతో నిలిచింది. అందుకే హాంబుర్గ్, బ్రెమెన్ రేవుల్లో ఈ జెండాలు వ్యాపార చిహ్నాలుగానే కాక ఊరి జ్ఞాపకాలుగా కూడా బతికాయి.

ఓడ మీద చోటు

ఓడ మీద ప్రతి జెండాకూ నియమిత స్థానం ఉంటుంది. వెనక కొసన నమోదైన దేశపు జెండా. ముందు కొయ్యకు కుడివైపున, ఏ దేశపు రేవులో ఉంటే ఆ దేశం జెండా. దీన్ని మర్యాద జెండా అంటారు. రేవు దారి చూపే పైలట్ ఎక్కితే నిలువుగా తెలుపు, ఎరుపు సగాలున్న సంకేత జెండా. కంపెనీ జెండాకు సంప్రదాయంగా దక్కే చోటు ప్రధాన కొయ్య శిఖరం. ఎదురుపడిన యుద్ధనౌకకు వందనం చేయాలంటే దేశం జెండానే కొంత దించి మళ్లీ ఎత్తుతారు. కంపెనీ జెండాకు ఆ బాధ్యత లేదు.

కొత్త ఓడను నౌకానిర్మాణశాల యజమానికి అప్పగించే రోజున ఈ జెండా విలువ కళ్లకు కడుతుంది. అప్పటిదాకా ఓడ మీద ఎగిరేది కట్టిన శాల జెండా. పరీక్షా ప్రయాణం ముగిసి, కాగితాల మీద సంతకాలు పడ్డాక, సిబ్బంది డెక్కు మీద నిలబడి ఉండగా ఆ జెండా కిందికి దిగుతుంది, కొన్నవారి జెండా పైకి లేస్తుంది. జర్మన్ నౌకాశాలల్లో దీన్ని జెండా మార్పిడి అంటారు. ఓడ చేతులు మారిందని అందరికీ తెలిపేది ఆ తాడు కదలికే.

పుట్టుక, అవసరం

తెరచాపల కాలంలో ఓడ ఎప్పుడు తిరిగి వస్తుందో ఎవరికీ తెలియదు. సరుకు వేసినవాడు, అప్పు ఇచ్చినవాడు, బీమా రాసినవాడు అందరూ నది ముఖద్వారం వైపు చూస్తూ ఉండాల్సిందే. హాంబుర్గ్ సముద్రం ఒడ్డున లేదు. ఎల్బె నది మీద వంద కిలోమీటర్ల పైన ఉంది. ఓడ మొదట కనిపించేది నది కలిసే చోట ఉన్న కుక్స్‌హాఫెన్‌లో. దూరదర్శినితో చూసేవాడికి ఓడ పేరు చదవడం సాధ్యం కాదు. కొయ్య మీది రంగులు మాత్రం మైళ్ల దూరం నుంచే తెలుస్తాయి. 'ఫలానా వారి ఓడ వస్తోంది' అన్న కబురు ఓడకంటే ముందే ఊరు చేరాలంటే జెండా తప్పనిసరి. 1830ల చివర హాంబుర్గ్, కుక్స్‌హాఫెన్‌ల మధ్య చేతుల్లాంటి పలకలను కదిలించి సంకేతాలిచ్చే దృశ్య టెలిగ్రాఫు వరస ఏర్పడిందంటే, ఓడ రాక కబురుకు వర్తకులు ఎంత విలువ కట్టేవారో తెలుస్తుంది.

ఈ అవసరం వల్లే కంపెనీ జెండాల రూపకల్పనలో కొన్ని పద్ధతులు స్థిరపడ్డాయి. రంగులు రెండో మూడో మించకూడదు. గాలి లేక జెండా వేలాడుతున్నా గుర్తు పట్టగలగాలి. అక్షరాలు పెడితే పెద్దవిగా ఉండాలి. గుర్తులు ఎక్కువగా మూడు వనరుల నుంచి వచ్చాయి: యజమాని పేరులోని పొడి అక్షరాలు, ఊరి చిహ్నం, సముద్రానికి సంబంధించిన లంగరు వంటి వస్తువులు.

హాపాగ్: లంగరు, పసుపు డాలు

1847 మే 27న హాంబుర్గ్ వర్తకులు కలిసి ఉత్తర అమెరికాకు క్రమబద్ధంగా ఓడలు నడిపేందుకు ఒక కంపెనీ పెట్టారు. దాని పూర్తి పేరు హాంబుర్గ్ అమెరికానిషె పాకెట్‌ఫార్ట్ అక్సియెన్ గెజెల్‌షాఫ్ట్. ఇంత పొడుగు పేరు ఎవరి నోటా నిలవలేదు. మొదటి అక్షరాలు కలిసి 'హాపాగ్' అయింది. ఆ అయిదు అక్షరాలే జెండా ఎక్కాయి. జెండాను రెండు మూలగీతలు నాలుగు త్రికోణాలుగా చీలుస్తాయి. తెలుపు, నీలం రంగులు ఎదురెదురుగా పడతాయి. నడుమ నల్లని లంగరు, దాని మీద పసుపు డాలు, డాలు మీద ఆ అయిదు అక్షరాలు. హాంబుర్గ్ నగర రంగులు ఎరుపు, తెలుపు. హాపాగ్ వాటిని తీసుకోలేదు.

ప్రజలు ఆ అయిదు అక్షరాలను ఊరికే వదల్లేదు. ఒక్కో అక్షరానికి ఒక్కో జర్మన్ మాట తగిలించి, 'ప్రయాణికులందరి దగ్గరా డబ్బుందా?' అని అర్థం వచ్చే వాక్యం అల్లారు. వలసదారులను లక్షల్లో అమెరికా చేర్చిన కంపెనీ మీద ఇంతకంటే సూటి చమత్కారం దొరకదు.

ఈ జెండా ప్రపంచమంతా తెలిసింది ఆల్బర్ట్ బాలిన్ కాలంలో. వలసదారుల టిక్కెట్ల వ్యాపారంలో పెరిగిన ఆయన 1886లో హాపాగ్‌లో ప్రయాణికుల విభాగానికి అధిపతిగా చేరాడు, 1899లో సంస్థ సారథి అయ్యాడు. 1914 నాటికి హాపాగ్ ప్రపంచంలోనే అతి పెద్ద ఓడల కంపెనీ. 1913లో సముద్రంలోకి వచ్చిన 'ఇంపెరాటర్' 52 వేల టన్నులకు పైబడిన ఓడ. 'లోకమే నా పొలం' అన్నది సంస్థ నినాదం. మొదటి ప్రపంచ యుద్ధం ఆ పొలాన్ని దున్నేసింది. జర్మన్ చక్రవర్తి గద్దె దిగిన 1918 నవంబరు 9నే బాలిన్ మరణించాడు. వెర్సాయ్ సంధితో పెద్ద ఓడలన్నీ విజేతల చేతికి పోయాయి. ఇంపెరాటర్ బ్రిటిష్ వారి కింద పేరూ జెండా మార్చుకుంది.

ఈ జెండా కింద జరిగిన మరో ప్రయాణం చరిత్రలో చేదుగా మిగిలింది. 1939 మే 13న హాపాగ్ ఓడ 'సెయింట్ లూయిస్' 900 మందికి పైగా యూదు శరణార్థులతో హాంబుర్గ్ నుంచి క్యూబాకు బయలుదేరింది. క్యూబా దించుకోలేదు, అమెరికా రానివ్వలేదు, ఓడ ఐరోపాకు తిరుగుముఖం పట్టింది. కెప్టెన్ గుస్టావ్ ష్రోడర్ వారిని తిరిగి జర్మనీలో దించకుండా, బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ ఆశ్రయమిచ్చేదాకా పట్టుబట్టాడు. ఆ తర్వాత నాజీ సేనలు ఆక్రమించిన దేశాల్లో చిక్కుకున్న వారిలో పలువురు ప్రాణాలు కోల్పోయారు.

నార్డ్‌డాయిచర్ లాయ్డ్: బ్రెమెన్ తాళంచెవి

హాంబుర్గ్‌కు ఎప్పటి నుంచో పోటీ బ్రెమెన్. 1857 ఫిబ్రవరి 20న అక్కడ హెచ్. హెచ్. మయర్, ఎడువార్డ్ క్రూజెమాన్ కలిసి నార్డ్‌డాయిచర్ లాయ్డ్ స్థాపించారు. తెల్లని జెండా, దాని మీద నీలి రంగులో ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసిన లంగరు, తాళంచెవి, వాటితో పాటు ఓక్ ఆకుల దండ. తాళంచెవి ఊరికే వచ్చింది కాదు. బ్రెమెన్ కెథడ్రల్‌కు రక్షక సాధువు పీటర్. క్రైస్తవ సంప్రదాయంలో స్వర్గద్వారపు తాళంచెవులు ఆయన చేతిలో ఉంటాయి. ఆ తాళంచెవే బ్రెమెన్ నగర చిహ్నం. అంటే ఊరు తాళంచెవి, సముద్రం లంగరు, జర్మన్ జాతి ఓక్. మూడు మాటల్లో కంపెనీ చిరునామా మొత్తం ఉంది.

ఈ జెండా న్యూయార్క్ దారిలో ఎంత తెలుసో తూర్పు దేశాల్లోనూ అంత తెలుసు. ప్రభుత్వ టపా మోసే ఒప్పందం మీద లాయ్డ్ 1886 నుంచి తూర్పు ఆసియాకు, ఆస్ట్రేలియాకు ఆవిరి ఓడలు నడిపింది. 1897లో 'కైజర్ విల్‌హెల్మ్ డెర్ గ్రోసె', 1929లో 'బ్రెమెన్' అట్లాంటిక్‌ను అత్యంత వేగంగా దాటి బ్రిటిష్ ఓడల రికార్డులను బద్దలుకొట్టాయి.

లైస్: రెండే అక్షరాలు

అన్నిటికన్నా సాదా జెండా ఎఫ్. లైస్ కంపెనీది. తెల్లని గుడ్డ మీద ఎర్రని 'ఎఫ్', 'ఎల్' అక్షరాలు, అంతే. 1824లో వ్యాపారం మొదలుపెట్టిన ఫెర్డినాండ్ లైస్ వృత్తి రీత్యా టోపీలు చేసేవాడు. సిల్కు టోపీలు దక్షిణ అమెరికాకు పంపుతూ పంపుతూ సొంత ఓడల దాకా వచ్చాడు. 1857లో కట్టించిన ఓడకు కోడలు సోఫీ ముద్దుపేరు 'పూడెల్' పెట్టారు. ఆమె ఉంగరాల జుట్టు పూడిల్ కుక్క బొచ్చులా ఉండేదట. ఆ తర్వాత లైస్ ఓడల పేర్లు 'ప' అక్షరంతో మొదలవడం ఆనవాయితీ అయింది. హాంబుర్గ్‌లోని లైస్‌హోఫ్ భవనం నెత్తిన ఇప్పటికీ ఒక పూడిల్ బొమ్మ కూర్చుని ఉంటుంది.

ఆవిరి ఓడలు సముద్రాన్ని ఏలుతున్న రోజుల్లో కూడా లైస్ తెరచాపలను వదల్లేదు. చిలీ నుంచి సురేకారం తెచ్చే దారిలో, దక్షిణ అమెరికా కొస కేప్ హార్న్ చుట్టూ, ఆయన వారసుల ఓడలు గాలితోనే లాభం తీశాయి. 1902లో నీళ్లలోకి దిగిన 'ప్రాయిసెన్'కు అయిదు కొయ్యలు. అన్నిటికీ అడ్డ తెరచాపలే. 1910లో ఇంగ్లీషు కాలువలో ఒక ఆవిరి ఓడ తగిలి ఆ ఓడ దెబ్బతింది, డోవర్ దగ్గర ఒడ్డున పడి నాశనమైంది. ఈ ఓడల అడుగు భాగం ఎరుపు, నీటి గీత దగ్గర తెల్లని పట్టీ, పైన నలుపు. జర్మన్ సామ్రాజ్యపు జెండాలోని మూడు రంగులూ ఓడ ఒంటి మీదే ఉండేవి. ఆ పాత ఓడల్లో 'పాసాట్' ట్రావెమ్యూండెలోను, 'పొమ్మెర్న్' ఫిన్లాండ్‌కు చెందిన మారియహామ్న్‌లోను ప్రదర్శన నౌకలు. 'పాడువా' రష్యాలో 'క్రుజెన్‌ష్టెర్న్' అన్న పేరుతో శిక్షణ నౌక. 1911లో హాంబుర్గ్‌లో కట్టిన 'పెకింగ్' దశాబ్దాలు న్యూయార్క్‌లో గడిపి, మరమ్మతుల తర్వాత 2020లో పుట్టినూరు చేరింది.

'పామిర్' కథ వేరు. 1957 సెప్టెంబరు 21న అట్లాంటిక్ తుపానులో మునిగినప్పుడు అది లైస్ వారి ఓడ కాదు. అప్పటికి చేతులు మారింది. అందులోని 86 మందిలో ఆరుగురే బతికారు. చనిపోయిన వారిలో చాలామంది నావికవిద్య నేర్చుకుంటున్న కుర్రాళ్లు.

పుట్టిన ఊరి రంగులు

కొన్ని జెండాలు యజమాని సొంత ఊరిని మోశాయి. రిక్మర్ క్లాసెన్ రిక్మర్స్ 1807లో హెల్గోలాండ్ దీవిలో పుట్టాడు. ఉత్తర సముద్రంలోని ఆ చిన్న దీవి అప్పటి నుంచి 1890 దాకా బ్రిటిష్ వారి చేతిలో ఉంది. ఓడల వడ్రంగి అయిన రిక్మర్స్ 1834లో బ్రెమెర్‌హాఫెన్‌లో సొంత నౌకాశాల తెరిచాడు. ఆయన కంపెనీ జెండా హెల్గోలాండ్ జెండాయే: పైన ఆకుపచ్చ, నడుమ ఎరుపు, కింద తెలుపు, మధ్యలో 'ఆర్' అక్షరం. ఆకుపచ్చ దీవి మీది పచ్చిక, ఎరుపు దాని కొండ అంచు, తెలుపు ఇసుక. హాంబుర్గ్ రేవులో ప్రదర్శనకు నిలిపిన 1896 నాటి 'రిక్మర్ రిక్మర్స్' ఓడ ఒంటికీ అవే మూడు రంగులు. తూర్పు దేశాల నుంచి బియ్యం తెచ్చి, ఇంట్లోనే మర పట్టి అమ్మడం ఈ కుటుంబపు పెద్ద వ్యాపారం.

డెన్మార్క్ సరిహద్దు ఊరు ఆబెన్రా 1864 తర్వాత 1920 వరకు జర్మన్ పాలనలో ఉంది. 1878లో అక్కడ మొదలైన యెబ్సెన్ కుటుంబపు ఓడల కంపెనీ గుర్తు మూడు కానాగంత చేపలు. ఊరి చిహ్నంలోనే ఆ మూడు చేపలున్నాయి. ఊరు డెన్మార్క్‌లో కలిసినా, వ్యాపారం హాంకాంగ్‌కు పాకినా చేపలు మారలేదు.

1871లో పుట్టిన హాంబుర్గ్ స్యూడ్ కంపెనీ హాంబుర్గ్ ఎరుపు, తెలుపులనే వాడుకుంది. దక్షిణ అమెరికా దారిలో దాని తెల్లని ఓడలు, ఎర్రని తలకట్టున్న తెల్లని పొగగొట్టాలు పేరు మోశాయి. బేకింగ్ పౌడర్ వ్యాపారంతో ఎదిగిన ఓట్కర్ కుటుంబం చేతికి వచ్చిన ఈ కంపెనీని 2017లో డెన్మార్క్‌కు చెందిన మేర్స్క్ కొన్నది. ఆ పేరును క్రమంగా ఎత్తివేస్తున్నట్టు 2023లో ప్రకటించింది.

వెనక కొసన మారిన జెండాలు

హాపాగ్ పుట్టినప్పుడు జర్మనీ అనే దేశం లేదు. ఓడ వెనక ఎగిరింది హాంబుర్గ్ నగరపు ఎర్ర గుడ్డ, దాని మీద తెల్లని కోట. బ్రెమెన్ ఓడల వెనక ఎరుపు, తెలుపు చారల జెండా. పందిమాంసపు పొరల్లా ఉందని జనం దానికి 'కొవ్వు జెండా' అని పేరు పెట్టారు. 1867లో ఉత్తర జర్మన్ సమాఖ్య నలుపు, తెలుపు, ఎరుపు జెండా తెచ్చింది. ప్రష్యా నలుపు తెలుపులకు వర్తక నగరాల ఎరుపు తెలుపులు జతచేస్తే వచ్చిన కూర్పు అది. 1871లో సామ్రాజ్యమూ దాన్నే పెట్టుకుంది.

1919 తర్వాత గణతంత్రం నలుపు, ఎరుపు, బంగారు రంగులను జాతీయ జెండా చేసింది. ఓడల యజమానులు పాత రంగులు వదిలేది లేదన్నారు. రాజీగా వాణిజ్య నౌకలకు పాత మూడు రంగులే ఉంచి, పై మూలలో కొత్త జెండాను చిన్నదిగా కుట్టారు. ఈ తగాదా ఎంత దూరం పోయిందంటే, విదేశీ రేవుల్లోని రాయబార కార్యాలయాల మీద ఈ వాణిజ్య జెండా కూడా ఎగరాలన్న ఉత్తర్వు వల్ల 1926 మే నెలలో చాన్సలర్ హన్స్ లూథర్ ప్రభుత్వమే కూలింది.

1935 జూలై 26న న్యూయార్క్ రేవులో లాయ్డ్ ఓడ 'బ్రెమెన్' మీదికి నిరసనకారులు ఎక్కి స్వస్తిక జెండాను చింపి హడ్సన్ నదిలో పడేశారు. అప్పటికి పాత మూడు రంగుల జెండాతో పాటు స్వస్తిక ఎగిరేది. ఆ సెప్టెంబరులోనే నాజీ ప్రభుత్వం స్వస్తికను ఏకైక జాతీయ జెండాగా ప్రకటించింది. కంపెనీ తాళంచెవి, లంగరు మాత్రం అదే ఓడ మీద యథాతథంగా ఉన్నాయి. గుర్తు మారలేదంటే దాని కింద జరిగినవన్నీ నిర్దోషమని కాదు. ఈ జెండాలు మంచికీ చెడుకీ సాక్షులు.

ఓడిపోయిన జర్మనీకి 1946లో జెండాయే లేకపోయింది. మిత్రరాజ్యాల ఆదేశం మేరకు జర్మన్ ఓడలు సంకేత జెండాల్లోని 'సి'ని, అంటే నీలం, తెలుపు, ఎరుపు, తెలుపు, నీలం పట్టీల గుడ్డను, కొసన పిట్టతోకలా చీల్చి ఎగరేసుకోవాల్సి వచ్చింది. దానికి ఎవరూ వందనం చేయనక్కర్లేదు. 1951 ఫిబ్రవరిలో వచ్చిన జెండా హక్కుల చట్టంతో నలుపు, ఎరుపు, బంగారు రంగులు పశ్చిమ జర్మనీ ఓడల వెనక చేరాయి. దేశం ముఖం చాటేసిన ఆ అయిదేళ్లలో 'ఇది మా ఓడ' అని చెప్పుకోడానికి రేవు జనానికి మిగిలింది కంపెనీ గుర్తులే.

బంగాళాఖాతంలో జర్మన్ గుర్తులు

భారత తీరానికి ఎక్కువగా తెలిసిన జర్మన్ కంపెనీ బ్రెమెన్‌కు చెందిన డి.డి.జి. హాన్సా. 1881లో పుట్టిన ఈ కంపెనీకి పర్షియా సింధుశాఖ, భారతదేశం, బర్మా దారులే ఆధారం. తెల్లని నేల మీద నల్లని మాల్టా శిలువ దీని గుర్తు. ఓడల పేర్లన్నీ 'ఫెల్స్'తో ముగిసేవి. జర్మన్‌లో ఆ మాటకు బండరాయి అని అర్థం. రైలు ఇంజన్ల వంటి భారీ సరుకులు దించే ఓడలకు హాన్సా పెట్టింది పేరు. 1929 నాటి 'లిష్టెన్‌ఫెల్స్' మీది క్రేను ఏకంగా 120 టన్నులు ఎత్తేది. రెండో ప్రపంచ యుద్ధంలో గోవాలోని మార్ముగోవా రేవులో తలదాచుకున్న మూడు హాన్సా ఓడలు, ఎరెన్‌ఫెల్స్, బ్రౌన్‌ఫెల్స్, డ్రాకెన్‌ఫెల్స్, 1943 మార్చిలో కలకత్తా నుంచి వచ్చిన బ్రిటిష్ స్వచ్ఛంద దళం దాడి చేయగా సొంత సిబ్బంది చేతిలోనే మునిగాయి. 1980లో హాన్సా దివాలా తీసింది.

1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక 'ఎమ్డెన్' మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. తెలుగు కోస్తా జిల్లాలన్నీ అప్పట్లో మద్రాసు రాజధాని కిందివే. ఎమ్డెన్‌కు ఆ యాత్రలో బొగ్గు మోసిన ఓడ 'మార్కోమానియా' హాపాగ్ వారిది. సరుకు ఓడ యుద్ధంలోకి వచ్చిందంటే దాని జెండా దాచుకోక తప్పదు. అక్టోబరులో సుమత్రా దగ్గర బ్రిటిష్ నౌక 'యార్మత్' దాన్ని ముంచేసింది.

నూరేళ్లు దాటాక ఆ కంపెనీ వారసురాలు ఇదే తీరానికి వేరే దారిలో వచ్చింది. 2023లో హాపాగ్-లాయ్డ్, విశాఖ కంటైనర్ టెర్మినల్‌ను నడిపే జె.ఎం. బక్షీ పోర్ట్స్ అండ్ లాజిస్టిక్స్ సంస్థలో వాటా కొన్నది.

జెండా నుంచి పొగగొట్టానికి

ఆవిరి ఓడ వచ్చాక కంపెనీ గుర్తుకు జెండాకంటే పెద్ద చోటు దొరికింది: పొగగొట్టం. గాలితో పని లేదు, చిరగదు, రాత్రి దీపం వేస్తే కనిపిస్తుంది. లాయ్డ్ ఓడల పొగగొట్టాలు పసుపు. హాపాగ్ 1920ల చివర పసుపు గొట్టానికి నలుపు, తెలుపు, ఎరుపు తలకట్టు పెట్టింది. దేశం జెండా నుంచి తీసేసిన రంగులకు పొగగొట్టం మీద ఆశ్రయం దొరికిందన్నమాట. లండన్‌లోని లాయిడ్స్ సంస్థ 20వ శతాబ్దం తొలి ఏళ్లలోనే ప్రపంచంలోని కంపెనీ జెండాలను, పొగగొట్టాలను రంగుల్లో అచ్చువేసింది. రేవు అధికారులకు, బీమా వారికి అది నిత్యావసరమైన పుస్తకం.

నేటి స్థితి

1970 సెప్టెంబరు 1న హాంబుర్గ్, బ్రెమెన్‌ల పాత పోటీదారులు రెండూ కలిసి హాపాగ్-లాయ్డ్ అయ్యాయి. కంటైనర్ల యుగం ఖర్చు ఒక్కరు భరించేది కాదు. లంగరు, తాళంచెవుల బదులు నీలం, నారింజ రంగులతో 'హెచ్ ఎల్' గుర్తు వచ్చింది. నేడు కంపెనీ రంగులు కొయ్య మీద కంటే వేల సంఖ్యలో కంటైనర్ల గోడల మీద, ఓడ పక్కన మనిషికంటే ఎత్తైన అక్షరాల్లో కనిపిస్తాయి. ఓడ ఒకరిది, అద్దెకు తీసుకుని నడిపేది మరొకరు, నమోదు మూడో దేశంలో. పొగగొట్టం మీది గుర్తు అద్దె గడువుతో పాటు మారిపోతుంది.

హాంబుర్గ్ దిగువన వెడెల్ ఊరి దగ్గర ఎల్బె ఒడ్డున 1952 నుంచి ఓడల స్వాగత కేంద్రం ఒకటుంది. పెద్ద ఓడ దాటుతుంటే హాంబుర్గ్ జెండా కొంత దిగుతుంది, ఓడ నమోదైన దేశపు జాతీయ గీతం లౌడ్‌స్పీకర్లలో మోగుతుంది. హాంబుర్గ్ కంపెనీ ఓడైనా సరే, లైబీరియాలో నమోదై ఉంటే లైబీరియా గీతమే. గీతం వినపడకముందే ఒడ్డున కాఫీ తాగుతున్నవారు పొగగొట్టం రంగు చూసి ఎవరి ఓడో తేల్చుకుంటారు. కుక్స్‌హాఫెన్‌లో దూరదర్శిని పట్టుకున్నవాడు చేసిన పనీ అదే.